రాయికి వెనక వైపు

మియాపూర్‌లో మా అమ్మాయిని ఆదివారం బొమ్మల క్లాసులో దింపి, అయ్యేదాకా గేటు దగ్గర పేపరు చదువుకునేవాణ్ణి. ఒకరోజు వాన పడింది. టీచరమ్మ నన్ను లోపలికి పిలిచి, తన ఇంట్లో ఖాళీగా కూర్చోవడం కుదరదంటూ ఓ కాగితం చేతిలో పెట్టారు. అలా నలభై రెండేళ్ల వయసులో, పదేళ్ల పిల్లల మధ్య చాప మీద చతికిలబడ్డాను.

నిజం చెప్పాలంటే నాకు కాస్త పొగరుగానే ఉండేది. బాలానగర్‌లో ఓ కార్ఖానాలో పద్దెనిమిదేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌ని. గీత గీయడం నాకు ఈవిడ నేర్పేదేమిటి అనుకున్నాను. ఎదురుగా పెట్టిన మట్టి కూజాను ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు బొమ్మలుగా వేసి, కొలతలు కూడా రాశాను.

టీచరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంది సార్ గిది? కూజాను ఫ్యాక్టరీల చేపిస్తరా?"

పిల్లలు పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మాయే.

ఆ హాల్లో కిటికీ నుంచి తలుపు దాకా ఒక తాడు ఉండేది. ఆ వారం బాగా కుదిరిన బొమ్మలను బట్టల క్లిప్పులతో దానికి తగిలించేవారు. మా అమ్మాయి బొమ్మ దాదాపు ప్రతి వారం ఎక్కేది. నాది ఒక్కసారైనా ఎక్కాలని పంతం పట్టాను. నవ్వకండి, ప్రమోషన్ కోసం కూడా నేను అంత ఆరాటపడలేదు.

టీచరమ్మ ముందు నా స్కేలు లాక్కుని బీరువా మీద పెట్టారు. తర్వాత రబ్బరు కూడా. చలిజ్వరం వచ్చినట్టు నా గీతలన్నీ వణికాయి. నేను వేసిన వంకాయను చూసి మా అమ్మాయి, "బల్బు బాగుంది నాన్నా" అంది. రెండు నెలలకు వంకాయ వంకాయలాగే వచ్చింది. అయినా తాడు ఎక్కలేదు.

"మంచిగనే ఉన్నది సార్. కానీ భయపడుకుంట ఏసిన్రు" అనేవారు టీచరమ్మ.

చలికాలంలో మమ్మల్నందరినీ బస్సెక్కించి మాదాపూర్ తీసుకెళ్లారు. అక్కడప్పుడు ఒకపక్క గుండ్రటి పెద్ద భవనం లేస్తోంది, మిగతాదంతా బండలే. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ మూడు బండల ముందు కూర్చోబెట్టారు. బొమ్మ బాగానే వచ్చింది. కానీ అలవాటు ఊరుకోదు కదా, లేచి బండల వెనక్కి వెళ్లి చూసొచ్చి, అక్కడున్న పగులును చుక్కల గీతతో చూపించాను. మా పనిలో అది పద్ధతి. ఉండి కూడా మనవైపు నుంచి కనబడనిదాన్ని చుక్కల గీతతోనే వేస్తాం.

"గుండు ఎనక ఏమున్నదో మీకెందుకు సార్ ఫికర్? కనవడేది ఎయ్యున్రి."

"లేకపోతే తప్పుడు డ్రాయింగ్ అయిపోతుందండీ."

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. వచ్చే వారం ఇక్కడే రంగులు వేద్దామనీ, కుదిరితే నా బొమ్మ తాడెక్కిస్తాననీ మాటిచ్చారు. ఆ వారమంతా ఆఫీసులో పళ్లచక్రాలు గీస్తూ, బండ నీడలో ఊదా ఎంత కలపాలా అని ఆలోచించాను.

తీరా వెళ్లేసరికి బండలు లేవు. రోడ్డు కోసం పేల్చేశారట. కంకర కుప్పలు, ఎర్రజెండా కట్టిన కర్ర మిగిలాయి. పిల్లలు కంకర మీదికెక్కి జారుతూ ఆడుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. రాయి కోసం బాధపడతానని అంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

"ఏదో ఒకటి ఎయ్యున్రి సార్" అని టీచరమ్మ పిల్లల దగ్గరికి వెళ్లారు.

కంకరను, జెండాకర్రను, దూరంగా ఉన్న భవనాన్ని నిండు గీతలతో వేశాను. తర్వాత వాటి మీదుగా, ఉండాల్సిన చోటే, మూడు బండలనూ చుక్కల గీతతో వేశాను. వెనక పగులు కూడా గుర్తుంది. స్కేలు గుర్తు రాలేదు. చెయ్యి వణకలేదు.

టీచరమ్మ ఎప్పుడొచ్చి నా వెనక నిలబడ్డారో తెలియదు. ఈసారి నవ్వలేదు.

"గుండ్లు ఈడనే ఉన్నయా సార్?"

"ఉన్నాయండీ. మనవైపు నుంచి కనబడట్లేదంతే."

ఆ సాయంత్రం తాడు నిండిపోయింది, క్లిప్పులు అయిపోయాయి. మా అమ్మాయి తన బొమ్మకున్న క్లిప్పు తీసి నాకందించింది.

"ఈ ఒక్క వారమే నాన్నా" అంది.