దానియేలు మావయ్య ఫోటో

మా చిన్నప్పుడు... క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు కళింగపట్నం సముద్రం ఒడ్డున మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, ఫోటో మాత్రం తీయకుండా మా ప్రాణాలు తోడేసేవాడు దానియేలు మావయ్య. కొత్త బట్టల నిండా ఇసక... పక్కన ఎండేసిన చేపల వాసన... ఒకటే ఆకలి. ఆయనేమో పడమర వైపు చూసి "ఉండండర్రా, ఎండ ఇంకొంచెం దిగాల" అనేవాడు.

మావయ్యంటే మా మేనత్త రూతమ్మ భర్త. మద్రాసులో సినిమాలకి అసిస్టెంట్ కెమెరామెన్. అత్త శ్రీకాకుళంలోనే, మా మిషన్ కాంపౌండ్ పక్క వీధిలో ఉండేది. పిల్లల్లేరు. మావయ్య ఏడాదికోసారి క్రిస్మస్‌కి వచ్చేవాడు.

ఆయనకి కొన్ని పట్టింపులు ఉండేవి. కెమెరా పట్టుకున్నవాడి నీడ ఫోటోలో పడకూడదు... పడిందంటే వాడికి పని రానట్టే. ఎవరింటి పెళ్ళి ఆల్బమ్‌లోనైనా ఫోటో తీసినవాడి నీడ కనబడిందా, అయిపోయింది. ఇంక ఆ ఆల్బమ్ ముట్టుకునేవాడు కాదు.

ఇంకోటి... కెమెరా ఇంకొకళ్ళ చేతికిచ్చేవాడు కాదు. మనిద్దరం కలిసి ఒక్క ఫోటో దిగుదామని అత్త ఏటా అడిగేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని దాటేసేవాడు. మా వీధి కుక్కక్కూడా ఫోటో ఉంది గానీ ఆయనకి లేదు!

ఆయన పనిచేసిన సినిమా శ్రీకాకుళంలో ఆడితే అత్త మమ్మల్ని మొదటాటకే లాక్కెళ్ళేది. పేర్లు పడేటప్పుడు రెప్ప వెయ్యకూడదని ఆర్డరు. పది పేర్ల గుంపులో అడుగున ఎక్కడో ఉండేది ఆయన పేరు... సగం చదివేలోపే పోయేది. "సూసినావా, సూసినావా?" అని నా చెయ్యి నలిపేసేది. ఆ తర్వాత కథతో అత్తకి పనిలేదు, కళ్ళు మూసుకుని కూచునేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మావయ్య క్రిస్మస్‌కి ముందే వచ్చాడు... పెట్టెలో. షూటింగులో క్రేను మీంచి పడిపోయాడట. ముఖం చూడలేరు, మూత తియ్యకండి అని కూడా వచ్చినవాళ్ళు మా నాన్నకి చెప్పారు.

మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. సమాధికి తీసుకెళ్ళే ముందు పెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగుతాం. స్టూడియో ఆయన వచ్చాడు. మూసిన పెట్టెని ఏం తియ్యాలో తెలీక మా నాన్న వైపు చూస్తూ నిలబడిపోయాడు. అప్పుడు అత్తే ఏడుపాపుకుని, తియ్యి బాబూ అంది. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. అందరం ఒక చెక్క మూత వైపు చూస్తున్నాం.

ఆ తర్వాత వెతికితే ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పెళ్ళి ఫోటోలు అంతకుముందే తుఫాను నీళ్ళకి నాని, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. యూనియన్ కార్డు మీద చిన్న ఫోటో ఉండేది గానీ... ఆ రోజు జేబులో ఉన్న ఆ కార్డు మాకు తిరిగి రాలేదు.

రెండేళ్ళ కిందట నాకో ఫోనొచ్చింది. మన దేశంలో సినిమా కెమెరా పట్టినవాళ్ళందరి మీదా పెద్ద ఫోటోల పుస్తకం వేస్తున్నారట. మూకీల కాలం నుంచీ... పెద్దవాళ్ళూ, అసిస్టెంట్లూ అందరూ. మావయ్య ఫోటో ఒక్కటి పంపితే ఆయనకో పేజీ ఇస్తామన్నారు. లేకపోతే వెనకాల పేర్ల వరసలో వేస్తామన్నారు.

అత్తతో చెప్పాను. ఆవిడ లేచెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, పాత బైబిల్లోంచి ఒక ఫోటో తీసింది. ఇన్నేళ్ళూ అది ఉన్నట్టు మాకెవరికీ తెలీదు.

కళింగపట్నం ఫోటోయే. వెనకాల సముద్రం, మేమంతా కళ్ళు చికిలించుకుని... మధ్యలో అత్త, ఏదో అనబోతూ నవ్వుతోంది. ఇసకలో మా కాళ్ళ దాకా పొడుగ్గా ఒక నీడ. మోచేతులు ఎడంగా పెట్టి, తల వంచి, కెమెరా పట్టుకున్న మనిషి నీడ. ప్రింటు చూసి మావయ్య చింపెయ్యబోతే, అత్త లాక్కుని దాచేసిందట.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే పంపుదాం అత్తా, ఆయన ఉన్నది దీన్లోనే కదా అన్నాను.

అత్త ఆ నీడని చేత్తో నిమిరింది.

"నన్ను సూస్తా నీడ సంగతి మర్సిపోనాడే ఆ పూట. పని తెలిసినోళ్ళందరి మద్దినా ఇదెట్టి, ఆయన పరువు తీసెత్తానేటి?"

పేజీ పోతుందత్తా, ఇంకెప్పుడూ రాదు అన్నాను. పోతే పోనీ అంది. నిజం చెప్పొద్దూ, ఆవేళ అత్త మీద నాకు ఒళ్ళు మండిపోయింది. మొండిదని తిట్టుకుంటూ ఇంటికొచ్చేశాను.

పుస్తకం వచ్చాక అత్త మంచం మీద పెట్టుకుని పేజీ పేజీ చూసింది. నెత్తిన తుండుగుడ్డతో ఒకాయన, మోకాల్లోతు నీళ్ళలో ఒకాయన, రైలు మీద కెమెరాతో ఒకాయన... ఒక్కొక్కరి ముఖం తడిమి తడిమి చూసింది. "ఈళ్ళందర్నీ ఫోటో తీసినోడెవుడే?" అనడిగింది. వాళ్ళ పేర్లు అందులో లేవు.

చివర్న, చీమల్లాంటి అక్షరాల్లో మావయ్య పేరు. అంత చిన్నవి అత్తకి ఆనవు. వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను. ఇది పారిపోదు కదేటి అంది... చాలాసేపు వేలు తియ్యలేదు.

ఈ ఏడు అత్త పోయింది. పెట్టె మూత తెరిచి ఉంచే ఫోటోలు దిగారు మా వాళ్ళు... ఎవరి సెల్లుతో వాళ్ళు, అడ్డొచ్చినవాళ్ళని జరగమంటూ. మూత వేసే ముందు ఆ సముద్రం ఫోటో అత్త చేతికింద పెట్టేశాను. నా సెల్లు నా దగ్గరే ఉంది. ఒక కాపీ తీసుకోవచ్చు... తియ్యలేదు. ఆ నీడని నలుగురిలో పెట్టడం ఆవిడకి ఇష్టం లేదు కదా.

ఇప్పుడు మా ఇంట్లో తలొక్కరి సెల్లులో వేలకొద్దీ ఫోటోలు. నిన్న తిన్న ఇడ్లీకి కూడా ఫోటో ఉంది. మా దానియేలు మావయ్యకి లేదు.

మీ ఇంట్లో అందర్నీ నిలబెట్టి ఫోటోలు తీసినవాళ్ళెవరు? వాళ్ళది ఒక్కటైనా ఉందా మీ దగ్గర? ఉంటే కింద కామెంట్లలో పెట్టండి, చూస్తాను... లేదూ, మనిషి ఇంకా ఉన్నారూ అంటే, చేతిలోంచి కెమెరా లాక్కునైనా సరే, ఇవాళే తీసెయ్యండి.