చాయ్ మీద నేను చేసిన దండయాత్ర

మా ఇల్లు ఒకసారి పాలపొడిలో మునిగిపోయింది.

తుంగభద్ర కాలువ పక్కన కాపురం ఉన్నవాళ్ళు మునిగితే నీళ్ళలో మునగాలి గానీ పాలపొడిలో మునగడమేమిటి అంటారేమో. ఆ ఏడు కాలువలో కప్పకు కాళ్ళు తడవడానిక్కూడా నీళ్ళు లేవు. పైగా మమ్మల్ని ముంచింది వరుణదేవుడూ కాదు, కాలువ ఇంజనీర్లూ కాదు. నా నోరు. "నోరా, వీపుకు దెబ్బలు తేకే" అని పెద్దలు బతిమాలుకున్నారు. నా నోరు బుద్ధిమంతురాలు, వీపు జోలికి పోలేదు. బస్తాలకు బస్తాలు తిన్నగా ఇంటికే తెచ్చింది.

అప్పటికి నేను కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. మా అత్తగారివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి కాలువ నీళ్ళను వెతుక్కుంటూ వచ్చి, సింధనూరు పక్కన గోరేబాళ దగ్గర భూమి కొని వరి పండిస్తున్నవాళ్ళు. అలా వచ్చిన వాళ్ళంతా ఒకచోట ఇళ్ళు కట్టుకుంటే దాన్ని అందరూ క్యాంపు అనేవారు. నేను పుట్టింటి నుంచి తెచ్చిన సారెలో ఇత్తడి బిందెలతో పాటు ఒక సబ్బుపెట్టె కూడా ఉంది. "కత్తి గొప్పదా, కలం గొప్పదా" అన్న వక్తృత్వపు పోటీలో గెలుచుకున్న బహుమతి అది. ఆ రోజు కలం పక్షాన నిలబడి కత్తిని ఎంత చీల్చి చెండాడానంటే, ఇంటికెళ్ళి వంకాయ తరగడానికి మొహం చెల్లలేదు.

అంతటి వక్తకి ఈ క్యాంపులో శ్రోతలు కరువయ్యారు. మా వారు వినేవారు. కానీ ఆయన ఎప్పుడు వింటున్నారో, ఎప్పుడు నిద్రపోతున్నారో తేడా తెలిసేది కాదు.

ఇంతలో అసలు కరువే వచ్చింది. కాలువ కింద ఉన్న మాకు గాదెలో పాత ధాన్యమన్నా మిగిలింది. కవితాళ వైపు మెట్ట ఊళ్ళలో జొన్న కంకి కూడా నిలబడలేదు. అక్కడి జనానికి పని చూపించాలని సర్కారువారు మా క్యాంపుకు కంకర రోడ్డు వేయించడం మొదలుపెట్టారు. ఆడా మగా వచ్చి, రోడ్డు పక్కన గుడిసెలేసుకుని, పొద్దస్తమానం రాళ్ళు కొట్టేవారు. కూలిలో సగం డబ్బు, సగం చీటీ. ఆ చీటీ సర్కారు డిపోలో ఇస్తే జొన్నలు, గోధుమలు, నూనె, బెల్లం, చాయ్ పొడి, ఏది కావాలంటే అది తీసుకోవచ్చు.

ఆ "ఏది కావాలంటే అది" మా క్యాంపు పెద్దలకు గొంతులో ముల్లయి కూర్చుంది.

"కరువని సర్కారు సాయం చేస్తుంటే, ఆ చీటీలతో టీపొడి కొనుక్కుంటున్నారంటండీ!"

"టీ ఏమన్నా తిండా అండీ? విలాసం గానీ!"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఈ మాటలన్నీ మా వసారాలో జరిగాయి. అన్నవాళ్ళందరి చేతుల్లోనూ నేనిచ్చిన టీ గ్లాసులున్నాయి.

ఈ గొడవ తహసీల్దారుగారి చెవిన పడింది. ఆయన పెద్దమనిషి. "నేనొక్కడినే తేల్చేది ఏముంది? డిపో ముందు సభ పెడతాను, రెండు పక్షాలూ మాట్లాడండి, జనం ఏమంటే అది" అన్నారు. క్యాంపు తరఫున ఎవరు మాట్లాడాలి అన్న ప్రశ్న వచ్చింది. మా మావయ్యగారు మీసం సవరించి, "మా కోడలు మాట్టాడుద్దండి. దానికి బహుమతి కూడా వచ్చింది" అన్నారు.

లోపల్నుంచి మా అత్తగారు అందుకున్నారు. "ఎందుకండీ ఈ గోల! మన పప్పులో ఉప్పెంత వెయ్యాలో దానికి తెలవదు. ఊళ్ళోవాళ్ళ పప్పు సంగతి అదేం చెబుద్ది?"

ఆ మాట అప్పుడే చెవినబెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సభ రోజు మొదట ఈరమ్మ లేచింది. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు ఆమె. గొంతు విప్పిందంటే డిపో రేకులు కూడా నిలబడి వినాల్సిందే.

"దొరా, చీటి మాది, కష్టం మాది. గిందుల పంచాయితి ఏమున్నది? పొద్దుగాల లేసి రాళ్ళు కొడ్తం. పగటాల్ల ఎండురొట్టె తింటం. మాపటికి చేతులు లేవయి. గప్పుడు ఇంత బెల్లమేసి చాయ్ తాగితే పానం లేసొస్తది. సాకు, గంతే చాలు, ఇంకేమడగం. గా చాయ్ గూడ తీసేస్తే సుత్తె ఎట్ల లేస్తది?"

అని కూర్చుంది. ఆమె మాటల్లో వంక పెట్టడానికి ఒక్కటి కూడా లేదు. అందుకని నేను లేచాను.

"సోదరీమణులారా!" అని చెయ్యెత్తాను. "తేనీరు ఒక భ్రమ! ఆకుపసరు కలిపిన వేడినీళ్ళు! అందులో ఖనిజ లవణాలున్నాయా? లేవు! విటమిన్లున్నాయా? లేవు! మన దేహానికి కావలసినవి మాంసకృత్తులు! అవును, మాంసకృత్తులు! ప్రభుత్వం వారు తేయాకును తొలగించి ఆ స్థానంలో పాలపొడి ప్రవేశపెట్టినట్లయితే, ప్రతి కుటుంబానికీ మాంసకృత్తులు అందుతాయి!"

అంతే! ఆకాశం విరిగిపడ్డట్టు చప్పట్లు. ముసలివాళ్ళు కూడా లేచి నిలబడి కొట్టారు. ఈరమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. ప్రత్యర్థినే గెలుచుకున్నానని నా ఒళ్ళు పులకరించిపోయింది. తహసీల్దారుగారు "భేష్! జనం మాటే సర్కారు మాట!" అని అక్కడికక్కడే డిపో జాబితాలో చాయ్ పొడీ, చాయ్ లేనప్పుడు ఇదెందుకని బెల్లమూ కొట్టేయించి, ఆ చోట పాలపొడి రాయించారు.

ఇంటికెళ్ళేటప్పుడు మా వారు, "అంత గట్టిగా ఎందుకు కొట్టారంటావ్?" అన్నారు.

"మీకు అసూయ" అన్నాను.

డిపోకి పాలపొడి వచ్చిన రెండో రోజు సాయంత్రం, ఈరమ్మ నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని మా గడపలో నిలబడింది.

"చిన్నమ్మా, మాంసం ఏది?"

"ఏ మాంసం ఈరమ్మా?"

"నువ్వే అంటివి గద సభల! చాయ్ తీసేస్తే ఇంటింటికి మాంసం, కుర్తలు ఇస్తరని. మాంసం రాలె, కుర్త రాలె. గీ తెల్లపిండి ఇచ్చిండ్రు."

నా కాళ్ళ కింద నేల కాస్త పక్కకు జరిగినట్టయింది. "మాంసం కాదు ఈరమ్మా, మాంసకృత్తులు! అవి కంటికి కనబడవు. ఆ పాలపొడిలోనే ఉంటాయి."

ఈరమ్మ పొట్లం విప్పి లోపలికి తొంగిచూసింది. పక్కనున్నామె కూడా చూసింది.

"కనపడని మాంసం మేమేం జేస్కుంటం అమ్మా? గీ పిండి కలుపుకోని తాగితే కడుపుల ట్రాక్టర్ నడిచినట్టయితున్నది. నీకు దీని మీద మస్తు పాయిరం గద, నువ్వు తీస్కో. మాకు ఇంత చాయ్ పొయ్యి. ఊకెనే వద్దు. బదులుకు బదులు."

లోపల్నుంచి మా అత్తగారి గాజుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులో చాలా అర్థాలున్నాయి. కానీ వాళ్ళు గడపలో నిలబడి ఉంటే ఏమని పొమ్మంటాను? పాలపొడి తీసుకున్నాను, టీ పోశాను. ఒక్క పూటే కదా అనుకున్నాను.

మర్నాడు గుంపులో సగం మంది వచ్చారు. ఆ మర్నాడు మిగతా సగం కూడా వచ్చింది. మా పెళ్ళిలో వంటవాళ్ళు వాడిన గుండిగ అటక మీద నుంచి దిగి పొయ్యెక్కింది. టీపొడి కోసం మా వారు రోజు విడిచి రోజు సైకిలేసుకుని సింధనూరు పోవాల్సొచ్చింది. సాయంత్రమయ్యేసరికి మా వాకిలి బస్టాండులా ఉండేది. ఇటు టీ వెళ్ళేది, అటు పాలపొడి వచ్చేది. పొట్లాలు డబ్బాలయ్యాయి, డబ్బాలు బస్తాలయ్యాయి. పాడి గేదెలున్న ఇంట్లో పాలపొడికి చోటు చాలక ధాన్యపు బస్తాలు పక్కకి జరిపాం.

పారేస్తే పాపం కదా, వాడాలి. పాలపొడి ఉప్మా చేశాం. పాలపొడి దోసెలు పోశాం. ఒకరోజు వంకాయకూరలో కూడా వేస్తే, మావయ్యగారు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు గోడకేసి చూశారు. గేదెలకు కుడితిలో కలిపి పెడితే, అవి వాసన చూసి తలెత్తి, మా పనే మాకు నేర్పుతావా అన్నట్టు నావైపు చూశాయి. ముగ్గుపిండి అయిపోయిందని దాంతోనే వాకిట్లో ముగ్గేశాను. కాసేపట్లో క్యాంపులోని చీమలన్నీ వచ్చి, నేను పెట్టిన చుక్కలన్నీ మోసుకుపోయాయి.

"అమ్మాయ్, నీ ఉపన్యాసం ఇంకా అవలేదా ఏంటే?" అన్నారు అత్తగారు. "రోజూ సంచుల్లో ఇంట్లోకి వస్తానే ఉంది!"

అసలు పిడుగు తర్వాత పడింది. ఎవరో పుణ్యాత్ముడు తహసీల్దారుగారికి చెప్పాడు, కరువు పాలపొడి మా ఇంట్లో దాచారని. ఒకనాటి మధ్యాహ్నం జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన తిన్నగా లోపలికొచ్చి బస్తాలు చూశారు. ఆయన మొహం కూడా పాలపొడిలాగే తెల్లబడి, అంతలోనే ఎర్రబడింది.

"ఇది ఏనమ్మా, ఏమిటిదంతా? పేదోళ్ళ పాలపొడి మీ ఇంట్లో బస్తాల మీద బస్తాలు! సభలో పాలపొడి పాలపొడి అని అంత గట్టిగా అరిచింది ఇందుకేనా? కేసు పెట్టాల్సి వస్తుంది!"

మావయ్యగారు గుమ్మం పట్టుకున్నారు. తలెత్తుకు తిరిగిన మనిషి, బస్తాల వైపు చూసి తల దించుకున్నారు. అవసరం లేనప్పుడు గోదావరిలా పొంగే నా నోరు, అవసరమైనప్పుడు ఆ ఏడాది మా కాలువలా ఎండిపోయింది. మా వారు మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు పని వైపు పరుగెత్తారు.

కాసేపటికి ఈరమ్మ వచ్చింది. వెనక గుంపు గుంపంతా వచ్చింది. తొందరలో సుత్తెలు కింద పెట్టడం మరిచిపోయి వచ్చారు. జీపు డ్రైవరు గబుక్కున లోపల కూర్చుని తలుపేసుకున్నాడు.

"దొరా, చిన్నమ్మ దొంగ గాదు" అంది ఈరమ్మ. "దొంగతనానికి తెలివుండాలె."

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పి ఉండరు.

"మేమే ఇచ్చినం దొరా ఆ పిండి. మాకు అరగక తెచ్చి పోసినం, ఆమె చాయ్ పోసింది. పాపం, ఒక్క దినం గూడ లేదనలే. వాళ్ళత్త తిడుతున్నా గాని పోసింది."

తహసీల్దారుగారు బుర్ర గోక్కున్నారు. "మరి ఆ రోజు అన్ని చప్పట్లు ఎందుకు కొట్టినారు మీరు?"

"మాంసం ఇస్తరనుకున్నం దొరా."

ఆయన ఒక్క క్షణం ఈరమ్మను చూశారు, నన్ను చూశారు. తర్వాత మొదలైంది నవ్వు. బస్తా మీద చెయ్యి ఆనించి, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. చివరికి, "ఇప్పుడేమంటావమ్మా నువ్వు?" అని నన్నడిగారు.

"చాయ్ పొడి పెట్టించండయ్యా. బెల్లం కూడా."

నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ఉపన్యాసం ఇదే. చప్పట్లు పడలేదు. తలుపు చాటు నుంచి మా అత్తగారు మాత్రం "అమ్మయ్య!" అన్నారు.

పాలపొడి బస్తాలు పిల్లల హాస్టలుకు పోయాయి. డిపోలోకి చాయ్ పొడి తిరిగొచ్చింది. మా వాకిలి ఖాళీ అయింది. నిజం చెప్పొద్దూ, సాయంత్రమయ్యేసరికి నాకు ఏమీ తోచేది కాదు. అలా ఉండగా ఒకరోజు ఈరమ్మ వచ్చి, "రా చిన్నమ్మా, ఇయ్యాల మా గుడిసెల చాయ్ తాగుదువు" అంది.

కృతజ్ఞత! నా ఛాతీ ఉప్పొంగింది. మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. మూడు రాళ్ళ పొయ్యి మీద బెల్లం చాయ్ మరుగుతోంది. ఆడవాళ్ళంతా నా చుట్టూ కూర్చున్నారు. సత్తు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. ఏం చెప్పను! అల్లం ఘాటు ముక్కుకెక్కి, వేడి కాళ్ళ దాకా దిగింది.

"ఎట్లుంది?"

"చాలా బాగుంది ఈరమ్మా!"

"మరి! చాయ్ అంటే గిట్లుంటది. నీ మొఖం జూసి చెప్పలేక ఇన్ని దినాలు నువ్వు పోసిందే తాగినం. ఇంకొక్క వారం పోసుంటివంటే, మాకు పాలపొడే కావాలని మేమే దొర కాళ్ళ మీద పడుతుంటిమి."

ఆ నవ్వులకు రోడ్డు మీద పోయే ఎడ్లబండి ఆగింది. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను?

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా, గ్యాసు పొయ్యి మీద చెయ్యిపెట్టి (ఆర్పే ఉందిలెండి) ప్రమాణం చేస్తున్నాను: ఎవరి సంచిలో ఎవరేం వేసుకున్నా నేను ఆకాశం వైపు చూస్తాను. పప్పో, పంచదారో, చాయో, వాళ్ళ నోరు వాళ్ళిష్టం. ఎవరైనా వచ్చి "ఏది కొనుక్కోమంటారమ్మా?" అని సలహా అడిగితే, గొంతు బాగాలేదంటాను. అయినా వినకపోతే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నా చేత్తో టీ పెట్టి ఇస్తాను.

ఇంతవరకు తాగినవాళ్ళెవరూ మళ్ళీ సలహా అడగలేదు.