ఒకే చోట ఉంచిన పాటలు

2024 జనవరి 21, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా ఆయన ఫోనును ఎడమ చేత్తో మంచం మీంచి తోసేశారు. కింద చాప ఉండబట్టి పగల్లేదు. పాట వస్తూనే ఉంది. తీసి మళ్లీ ఆయన చెవి దగ్గర పెట్టాను. మళ్లీ తోశారు. అప్పుడు నేనూ శ్రద్ధగా విన్నాను. పాట మా పాటే. అది అయిపోయిన తర్వాత ఆయన గొంతు రావాలి. రాలేదు. వెంటనే ఇంకో పాట మొదలైంది.

ఆ గొంతు పాట వెనకాల ఎందుకుండాలో చెప్పాలి. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఆయన ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో. ఆయనకు ఎ, బి, సి షిఫ్టులు ఒక వరసలో తిరిగేవి, నా నైట్ డ్యూటీలు వేరే వరసలో పడేవి. ఉక్కునగరం క్వార్టర్లో ఒకే కప్పు కింద ఉంటూ నెలలో పది పన్నెండు రోజులు ఒకరినొకరు చూసుకునేవాళ్లం కాదు. నేను తలుపు తీసేసరికి ఆయన లుంగీ తీగ మీద ఆరుతూ ఉండేది, మనిషి ఉండేవారు కాదు.

ఇంట్లో రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ ఒకటి ఉండేది. రేడియోలో మంచి పాట వస్తే, ఇంట్లో ఉన్నవాళ్లు డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం రికార్డు చేసేవారు. పాట అయ్యాక రేడియో ఆపి, మైకు దగ్గరికి వంగి ఇంటి కబురు చెప్పేవాళ్లం. చీటీ రాసి పెట్టొచ్చు కదా అని పక్క క్వార్టరావిడ అడిగింది. చీటీ మీద పాట ఎలా పెడతాం?

నా కబుర్లు తేదీతో మొదలయ్యేవి. "పదహారో తేదీ, సాయంత్రం ఆరు. రేపు కుళాయి రాదు. రెండు బిందెలు నింపాను." ఆయనవి అలా ఉండేవి కావు. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. మిల్లులో ఎన్నేళ్లు చేసినా మాట మాత్రం ఒడ్డు మీదే ఉండిపోయింది. "సిస్టరుగారూ, నానెళ్తన్నాను. సేపల పులుసులో ఉప్పు బాగా దంచీసినావు. అయినా మొత్తం తినీసినాను, నీకేటీ మిగల్లేదు. గుడ్డు కొట్టుకో." వార్డులో అందరూ నన్ను సిస్టర్ అంటారని ఇంట్లో ఆయనా అలాగే పిలిచేవారు. మొదట్లో కోపం వచ్చేది.

2022 నవంబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. చెయ్యి కొంత కదిలింది గాని మాట రాలేదు. పలక పెట్టి, బొమ్మలు పెట్టి పలికించబోయాను. నా పెదాల వంక చూసి ఊరుకునేవారు. ఆర్నెల్లకు అటక మీంచి కేసెట్లు దించాను. మొత్తం ఇరవై ఆరు. ఒకటి వేసి పక్కన కూర్చున్నాను. మూడో పాట తర్వాత ఆయన గొంతే వచ్చింది. ఆ మాటల వెనకాలే ఆయన పెదాలు కదిలాయి. దాన్ని నేను అద్భుతం అనను. మెదడుకి అలవాటైన దారి ఒకటి మిగిలి ఉంది, అంతే. ఆ దారిన రోజూ నడిపిస్తే మాట వస్తుందని నాకు తోచింది.

కేసెట్లకు బూజు పట్టింది. వన్‌టౌన్‌లో పాత రేడియోలు బాగుచేసే సాయిబుగారు ఒకరు రీళ్లు శుభ్రం చేసి పాటలను పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తారని విని వెళ్లాను. మూడు వారాలు పట్టింది. ఒక్కో పాటను, దాని తోకనున్న మాటలతో సహా, ఒక్కో ఫైలుగా చేశారు. మొత్తం 388.

"ఇవి నా కంప్యూటర్లో ఓ మూల ఉంచుతానమ్మగారూ. పెన్‌డ్రైవుల్ని నమ్మలేం," అన్నారాయన.

"మా ఇంటి మాటలు మీ మూలన ఎందుకుండాలి?"

"నాకేటి పని మీ మాటల్తో? అన్నీ వినీసినాను. ఉప్పు గొడవ తప్ప ఏటీ లేదు."

"విన్నారన్నమాట."

"వినకుండా ఎక్కించడం ఎలాగమ్మా?"

అప్పటికప్పుడు నా కళ్ల ముందే అన్నీ తుడిపించాను. తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఉంటే దాన్నీ ఖాళీ చేయించాను. నాకు వార్డులో నేర్పిన పద్ధతి అది. ఒక రోగికి ఒకే కేసు షీటు. నకలు ఉంటే, ఇచ్చిన మందు ఒకదాంట్లో ఎక్కుతుంది, రెండోదాంట్లో ఎక్కదు, మనిషికి రెండుసార్లు మందు పడుతుంది. నకలు కనబడితే చించెయ్యడమే.

పెన్‌డ్రైవును చిన్న స్పీకరుకు పెట్టి రోజూ మధ్యాహ్నం వినిపించేదాన్ని. 2023 చివరికి ఆయన నోట ఆరు మాటలు వచ్చాయి. ఒకటి స్పష్టంగా, మిగతావి నాకు అర్థమయ్యేలా. అయితే ఒక మాట మళ్లీ వినాలంటే నేను వంటింట్లోంచి రావాలి. ఆ మీటలు ఆయన ఎడమ చేతికి లొంగేవి కావు. కంచరపాలెంలో ఉండే మా అమ్మాయి జనవరి 20, శనివారం వచ్చి, పాటలన్నీ ఆన్‌లైన్లో దాచే చోటుంది, ఫోను మీద నాన్న ఒక్క వేలితో వినొచ్చు అంది.

"అక్కడ వీటిని ఎవరు వింటారు?"

"ఎవరూ వినరమ్మా. పాస్‌వర్డ్ నీదే."

"వినని వాళ్లు ఊరికే ఎందుకు దాస్తారు?"

"ఊరికే కాదు, నెల నెలా డబ్బులు కడతన్నాను."

"డబ్బు తీసుకుని మరీ వింటారన్నమాట."

"నీకు పోలీసుద్యోగం ఇవ్వాల్సిందమ్మా. నర్సునెందుకు సేసారో."

పాస్‌వర్డు నేనే పెట్టాను, అమ్మాయిని అటు తిరగమని. ఎక్కడం అయ్యేసరికి సాయంత్రం ఆరయింది. పైన ఎన్ని ఉన్నాయో చూశాను. 388. పెన్‌డ్రైవులో 388. పేర్లూ అవే. ఆపరేషన్ థియేటర్లో కుట్లు వేసే ముందు గుడ్డ ముక్కలు లెక్కపెట్టిన చెయ్యి నాది. లెక్క సరిపోయింది కనుక పెన్‌డ్రైవు తుడిచెయ్యమన్నాను.

"ఉంచుదామమ్మా, పోయిందేటుంది?"

"రెండు చోట్ల ఉండకూడదు."

తుడిచేసింది. అదే పెన్‌డ్రైవు పట్టుకెళ్లి ఆ రాత్రే తన కొడుకు పాఠాల వీడియోలతో నింపేసుకుంది. నేను ఒక్క పాటైనా విని చూడలేదు.

ఆదివారం ఫోను కింద పడ్డాక నాకు మొదట అనుమానం వచ్చింది సాయిబుగారి మీద. మాటలు పాటకు అడ్డమని కోసేసి, తోకల్ని తన దగ్గరే ఉంచుకున్నారేమో. అప్పటిదాకా స్పీకరులో ఆ మాటలు నేనే విన్నానన్న సంగతి కోపంలో గుర్తు రాలేదు. సోమవారం కూర్మన్నపాలెంలో బస్సెక్కి వన్‌టౌన్‌లో దిగాను.

"ఏం కోశారు మీరు?" నిలబడే అడిగాను.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "నాను కోస్తే ఇంత బాగా రాదమ్మగారూ. మీ రీళ్లలో వాన పడినట్టు సప్పుడుండేది. ఇది షోరూమ్ బండిలాగుంది."

"మీ దగ్గర ఇంకేమైనా మిగిలుందా?"

"మీరే కుర్చీ ఏసుకుని తుడిపించినారు కదా. సెత్తబుట్టతో సహా."

సాయంత్రం అమ్మాయి వచ్చి ఫోనుతో గంటసేపు కుస్తీ పట్టింది. తర్వాత నా వంక చూడకుండా చెప్పింది.

"ఎక్కించేటప్పుడు ఆ యాప్ ఒక ప్రశ్న అడిగిందమ్మా. మీ పాటలకి ఇంతకన్నా మంచి కాపీ మా దగ్గరుంటే అదే పెట్టమంటారా అని. అవునని నొక్కీసినాను."

"అంటే?"

"మన పాటని గుర్తుపట్టి, అది తీసీసి వాళ్ల పాట పెట్టీసింది. పేరు మనదే ఉంచింది."

"మరి మీ నాన్న మాటలు?"

"దానికవి పాట కాదు కదమ్మా."

వాళ్లకు ఇద్దరం కలిసి ఇంగ్లీషులో రాశాం. మీ సంగీతం నాణ్యత పెంచినందుకు సంతోషిస్తున్నామని జవాబు వచ్చింది. మా అసలు ఫైళ్లు ఏమయ్యాయని మళ్లీ రాశాను. అవి నిల్వలో లేవన్నారు. నేను నమ్మను. వాళ్లు మా పాటను మొదటి నుంచి చివరిదాకా వినకుండా గుర్తుపట్టలేరు కదా. ఎక్కడో ఏ యంత్రంలోనో మా ఉప్పు గొడవ ఉండే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చాను, తర్వాత రెండుసార్లు మార్చాను. మార్చి కాపాడేది ఏముందని అమ్మాయి అడిగింది.

గుర్తుపట్టలేనివి మాత్రం వదిలేసింది. కుక్కరు కూతలు, పక్కింటి పిల్ల ఏడుపు పాట మీద పడినవి. వాటి చివర ఉన్నవి ఎక్కువగా నా మాటలే. తేదీ, కుళాయి, పాలవాడు. ఆయన వాటిని ఓపిగ్గా వింటారు. పెదాలు కదలవు.

ఫిబ్రవరిలో ఇరవై ఆరు కేసెట్లూ మళ్లీ సంచిలో వేసుకుని సాయిబుగారి దగ్గరికి వెళ్లాను. అమ్మాయి దగ్గర్నుంచి తెప్పించిన పెన్‌డ్రైవు కూడా ఇచ్చాను. దాని మీద మళ్లీ రాసేశారు కనుక ఏమీ రాదన్నారు. కేసెట్లు ఒక్కొక్కటే విప్పి చూశారు. మొదటిసారి ఎక్కించాక వాటిని మళ్లీ అటక మీదే పడేశాను. వానాకాలం అంతా అక్కడే ఉన్నాయి, చాలా రీళ్లు ముద్దకట్టుకుపోయాయి. తొమ్మిది తిరిగాయి, అవీ పూర్తిగా కాదు. వచ్చిన వాటిని తన కంప్యూటర్లో ఉంచమంటారా అని ఆయన అడగలేదు. ఉంచమని నేనే చెప్పాను. తాళం ఉందా అని మాత్రం అడిగాను.

ఏప్రిల్ నెలాఖరుకి లెక్క ఇది. మొత్తం 388. వాళ్లు మార్చేసినవి 341. మార్చకుండా వదిలినవి 47. మార్చేసిన వాటిలో కేసెట్ల నుంచి మళ్లీ దక్కినవి 63. పోయిన ఫైళ్లు 278. ఆయనకు వచ్చిన మాటలు ఆరు, ఇప్పుడు పలుకుతున్నవి నాలుగు. పోయిన మాటలు రెండు.