నా చెయ్యిని నేనే పట్టుకున్నాను

మొన్న మా తమ్ముడి చెరకు గానుగ దగ్గర లేచిన నల్లటి పొగ చూసి, వానొస్తందనుకుని దేవరాపల్లిలో ఆరబోసిన వడ్లు ఎత్తేసుకున్నారట. ఆ మబ్బుని పుట్టించింది నేనే. ఎలాగో చెప్తాను. నవ్వితే నవ్వండి గానీ టీ ఒలకబోసుకోకండి.

మా చోడవరం చుట్టుపక్కల బెల్లం పాకం చూడ్డంలో నా అంతటిది లేదు. తక్కినవాళ్ళు పాకం చుక్క నీళ్ళలో వేసి, ఉండ కట్టిందా లేదా అని వేళ్ళతో నలిపి చూస్తారు. నాకా బాధ లేదు. పాకం కాగే పెద్ద పెనం పక్కన పీటేసుక్కూర్చుంటాను. సమయానికి నా కుడిచెయ్యి పైకి లేస్తుంది. అది లేవగానే మనుషులు పెనం దించేస్తారు. నీకెలా తెలుస్తందని ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

అడిగినవాడు మా మేనల్లుడు నరసింగం, మా తమ్ముడు సత్యం కొడుకు. వైజాగులో డాక్టరీ చదువుతున్నాడు. సెలవులకొచ్చి, అన్నం దగ్గర కూర్చుని, మనిషి మెదడుని రెండు చేతుల్లో పట్టుకుని చూసేనన్నాడు. పైకి ముడతలు ముడతలుగా కనిపించేదే మెదడంతా కాదట. లోలోపల, అడుగున, కొన్ని ముద్దలున్నాయట. వాటికీ పైదానికీ మధ్య నరాల తీగలు చుట్లు చుట్లుగా తిరుగుతుంటాయట.

"అలవాటైన పని ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో అక్కడే తేలిపోతుందేమోనని మా ప్రొఫెసరు అంటారత్తా. పూర్తిగా ఇంకా ఎవరికీ తెలీదు. నీ చెయ్యి లేపేది కూడా అదేనేమో."

నా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అన్నం చల్లారి రాయైపోయింది. ఇన్నేళ్ళుగా నా నెత్తిలో, దీపమైనా లేని చీకట్లో, ఇంకొకావిడ కాపురముంటోందా! పులుసులో ఉప్పెంత పడాలో, గేదె తన్నకముందే ఎటు తప్పుకోవాలో అంతా ఆవిడే తేలుస్తోందా! ఆ గొప్పంతా నాదే అనుకుని ఊరంతా చెప్పుకు తిరిగేను. ఆకాశంలో చుక్కల్ని చూస్తే కూడా నాకంత ఆశ్చర్యం వెయ్యలేదు. నా తలని నేనే మెల్లిగా తడుముకున్నాను, లోపలావిడకి మెలకువొస్తుందేమోనని.

మర్నాడే ఈ ఏటికి మొదటి పెనం. అనకాపల్లి నుంచి వర్తకుడు వస్తన్నాడు. మొదటి దిమ్మ నచ్చితే తోటంతటి బెల్లమూ ఆయనే తీసుకుంటాడు. నచ్చకపోతే సత్యం బండి కట్టుకుని సంతలన్నీ తిరగాలి. పాపం వాడు తెల్లారిన దగ్గర్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

నేను మాత్రం ఆ లోపలావిణ్ణి పట్టుకోవాలని కూర్చున్నాను. నిర్ణయం ఏ క్షణాన పుడుతుందో కళ్ళారా చూడాలి! రసం మరిగింది. నురుగు గేదెంత ఎత్తు లేచి, దిగి, ఎర్రబడింది. నరసింగం నా చెవి దగ్గరే ఉన్నాడు.

"ఇప్పుడేటనిపిస్తందత్తా?"

"ఏటీ అనిపించట్లేదు. ఉండరా, మాటాడకు."

అంతలో నా కుడిచెయ్యి లేవబోయింది. లేవనివ్వొచ్చు కదా? ఎడంచేత్తో గబుక్కున పట్టుకున్నాను. ఆగు, ఎవరు లెమ్మన్నారు నిన్ను, అని నిలదీసేను. అది పైకి లాక్కుంటోంది, నేను కిందికి లాగుతున్నాను, మళ్ళీ అది పైకి, నేను కిందికి. నా చేతులు రెండూ పొట్టేళ్ళలా పోట్లాడుకుంటుంటే మనుషులు దించాలో మానాలో తెలీక నోళ్ళు తెరుచుకు నిలబడ్డారు.

"అప్పా, సెయ్యి ఎత్తినట్టా, దించినట్టా?" అని సత్యం ఏడుపు గొంతుతో అడిగేడు.

జవాబు పెనమే చెప్పింది. పొగొచ్చింది. తర్వాత ఇంకా పొగొచ్చింది. దించి చూస్తే పెనంలో ఉన్నది రోడ్డు మీద పొయ్యడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. ఎడ్లు కూడా వాసన చూసి మొహాలు తిప్పుకున్నాయి.

సరిగ్గా అప్పుడే వర్తకుడు బండి దిగేడు. సత్యం మొహం చూస్తే నాకు ప్రాణం పోయినంత పనయింది. రెండో పెనం కాసేదాకా ఆగమని ఆయన్ని బతిమాలేడు. నన్ను మాత్రం ఒక్క మాటే అన్నాడు.

"అప్పా, నీకు దండం. నువ్వేటీ ఆలోసించకు."

చెప్పినంత తేలికా? ఆలోచించకూడదని ఆలోచిస్తూ చెమటలు కక్కేను. చివరికి ఇంకేం తోచక వర్తకుణ్ణి వాళ్ళ వియ్యాలవారి గురించి అడిగేను. అబ్బో, ఆ మనిషి దగ్గర కబుర్ల గని ఉంది! ఆయన వియ్యపురాలు పెళ్ళిలో అలిగి అటకెక్కి కూర్చుందట. నిచ్చెన తీసేసేరా లేదా అని అడగబోతున్నాను. సగం మాటలో ఉండగా అందరూ పెనం వైపు పరిగెట్టేరు. ఎందుకా అని చూస్తే నా చెయ్యి పైకి లేచి ఉంది.

బెల్లం బంగారం. వర్తకుడు ముక్క విరిచి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. తోటంతా నాదేనన్నాడు. సత్యం అప్పుడు తాగేడు మంచినీళ్ళు, కుండెడు.

ఆ రోజు నుంచీ ప్రతి పెనానికీ ముందు మా తమ్ముడు నా మొహంలోకి పరకాయించి చూసి, "బుర్రలో ఏటైనా ఉందేటప్పా?" అని అడుగుతున్నాడు. ఏమీ లేదురా, ఖాళీ అని నేను గట్టిగా మాటిచ్చేకే పొయ్యి వెలిగిస్తన్నాడు.