నార్వే మంచులో మా హాంబర్గ్ కారు

పోయిన శీతాకాలం నేనూ, నా ఆఫీసు మిత్రుడు సుధీరూ జర్మనీలోని హాంబర్గ్ నుంచి కారులో నార్వే ఫియోర్డులు చూడటానికి వెళ్లాం. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఫియోర్డు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన లోతైన సముద్రపు పాయ, మధ్యలో గడ్డకట్టిన సన్నటి రోడ్డు. "మెల్లగా పోరా" అన్నాను.

"ఆటోబాన్ హైవే మీద రెండొందలు కొట్టినోణ్ణి అన్నా, ఇదో లెక్కనా?" అన్నాడు స్టీరింగ్ పట్టుకున్న సుధీర్.

తర్వాతి మలుపులోనే కారు జారింది. నీళ్ల అంచుదాకా వెళ్లి, గిర్రున తిరిగి, మా అదృష్టం కొద్దీ కొండ పక్క గుంటలో కూరుకుపోయింది.

అరగంటకు ఒక పెద్దావిడ ట్రాక్టర్ మీద వచ్చింది. ఏమీ అడక్కుండానే గొలుసు కట్టి కారును బయటికి లాగింది. అప్పుడు సుధీర్ గొంతు పెంచాడు. రోడ్డు మీద ఉప్పు చల్లలేదనీ, మలుపు దగ్గర బోర్డు లేదనీ ఇంగ్లీషులో ఫిర్యాదు మొదలుపెట్టాడు.

ఆవిడ ఓపిగ్గా విని, నంబరు ప్లేటు మీది మంచు తుడిచి చూసింది. "మీ జర్మన్లంతా ఇంతే. వేగంగా వస్తారు, గుంటలో పడతారు, బయటికి లాగితే రోడ్డును తిడతారు" అని వెళ్లిపోయింది.

మేం హాంబర్గ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాం. భాష పరీక్షలు పాసయ్యాం, పౌరసత్వం ఆఫీసు వాళ్లిచ్చే టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, కోసం ఎదురుచూస్తున్నాం. ఇరుగుపొరుగు మాత్రం ఇప్పటికీ "అసలు మీది ఏ దేశం?" అనే అడుగుతారు.

"ఆవిడ మనల్ని తిట్టిందిరా" అన్నాను.

"తిడితే తిట్టింది గానీ, జర్మన్లన్నది కద అన్నా!" అన్నాడు సుధీర్, కారును ముప్పై దాటనివ్వకుండా.