దొడ్డి తలుపు

పాత సామాన్లవాడికి వేసేముందు అన్న మా పాత కంప్యూటర్ ఒకసారి ఆన్ చేశాడు. చిన్నప్పుడు జమ్మలమడుగు ఇంట్లో గంగ, షబానా, నేను కంప్యూటర్ ఆటలో కట్టుకున్న ఊరు తెరమీదికొచ్చింది. బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు వాళ్లే స్నేహితులు.

గంగ వాళ్లది గొర్రెలు మేపే ఇల్లు. ఆటలోని ఊర్లోనూ గొర్రెలకు దొడ్డి కట్టించింది. "దొడ్డి మూయకుంటే, మనం లేనప్పుడు తోడేలొస్తాది మే" అనేది. నేను నమ్మాను.

ఒకరోజు మామ స్విచ్ మీద చెయ్యి పెట్టాడు. "మిషన్ ఆపినాక గొర్రెలేంది, తోడేలేంది మే?"

"దొడ్డి మూసిందాకా ఆపేది లే మామా!" అని అడ్డం నిలబడ్డాను. ఆఖరి గొర్రెను తోలి, తలుపేసి, దేవుడికి దండం పెట్టుకున్నాకే తప్పుకున్నాను.

ఈరోజు చూస్తే, ఆ తలుపు వేసే ఉంది. గొర్రెలు లోపలే ఉన్నాయి.

"ఇంక ఇచ్చేద్దామా?" అన్నాడు అన్న.

ఆపితే ఏ తోడేలూ రాదని ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఆ ఇద్దరు స్నేహితులనూ నాకిచ్చిన దేవుడిని తలుచుకుని, స్విచ్‌కి అడ్డం నిలబడ్డాను.

"ఇచ్చేది లేన్నా."