పెద్దమ్మ ఆది రైక

నా మొదటి కలెక్షన్ గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడబడతాను. అడిగిన వాళ్లకు అది వినయంలా కనిపిస్తుంది. వినయం లేదు, నా బొంద లేదు. ఆ బట్టలు నేను చేశానో, నాకు తెలియకుండానే జరిగిపోయాయో ఈనాటికీ నాకు తేలలేదు. అదీ సంగతి.

అప్పటికి హైదరాబాదులో ఒక పెద్ద బట్టల దుకాణానికి డిజైన్లు గీసే ఉద్యోగం మానేసి దేవరకొండకు వచ్చి ఏడాది దాటింది. మా ఇంటి మీది గదిలో ఒక కుట్టు మిషను, ఒక పొడుగు బల్ల, తలా చేతులూ లేని బొమ్మ ఒకటి. పొద్దుగూకితే ఆ బొమ్మ మీద దుప్పటి కప్పమని మా అమ్మ గోల. చూస్తే గుండె దడదడలాడుతుందట. సొంతంగా పని చేస్తానని బజారంతా చెప్పుకున్నాను కానీ ఆ పని ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. ఇంతలో కొత్త డిజైనర్ల కోసం పట్నంలో జరిగే ఒక షోకు దరఖాస్తు పెడితే, రమ్మన్నారు. పన్నెండు జతలు చూపించాలన్నారు. ఫోనులో ఒకమ్మాయి, "మీ కలెక్షన్ థీమ్ ఏంటండీ?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూసి "నేల" అన్నాను. చాలా బాగుందంది. ఫోను పెట్టేశాక నేల అంటే నా ఉద్దేశం ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. ఏమీ తోచలేదు. కిందికి పోయి అన్నం తిన్నాను.

బట్ట మాత్రం బాగా కుదిరింది. గట్టుప్పల దిక్కు ఒక నేతన్న, ఆయన భార్య రెండు నెలలు కూర్చుని, ఎర్రమన్ను రంగు మీద తెల్ల చుక్కలు తేలేట్టు నేసి ఇచ్చారు. దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కించే నేత అది. పోగు కొంచెం జరిగినా చుక్క చెదిరిపోతుంది. పన్నెండు పొట్టి అంగీలకు సరిగ్గా సరిపోయే బట్ట. చేతిరుమాలంత కూడా మిగలదు. మళ్లీ కావాలంటే మళ్లీ రెండు నెలలు ఆగాల్సిందే.

కుట్టడానికి చాచా ఉన్నాడు. బజారులో ఆయన దుకాణం నేను పుట్టకముందు నుంచీ ఉంది. నా బడి లంగాలు కూడా ఆయనే కుట్టాడు. మా దిక్కు ఎవరూ దర్జీకి కొలతలు చెప్పరు. ఒంటికి సరిగ్గా పట్టిన పాత బట్ట ఒకటి తీసుకుపోయి ఇస్తారు. దాన్ని ఆది అంటారు. దాని మీద పెట్టి కొత్త బట్ట కోస్తాడు, కుడతాడు, అంతే. చాచా మెడలో టేపు వేలాడుతుంటుంది కానీ దాన్ని ఆయన వాడగా నేను చూడలేదు.

ఇక పెద్దమ్మ. అమ్మకు అక్క. ఉండేది మర్రిగూడ దగ్గర. చిన్నప్పటి నుంచీ ఆ ఊరి బోరు నీళ్లు తాగింది. ఆ నీళ్లలో ఫ్లోరిన్ ఉందని తెలిసేటప్పటికి ఆమె ఎముకలు మాట వినడం మానేశాయి. ముప్పై దాటాక నడుము ముందుకు వంగింది, కుడి భుజం కిందికి జారింది, చేతులు తల దాకా లేవడం మానుకున్నాయి. ఇప్పుడు నల్లాలో మంచి నీళ్లు వస్తున్నాయి, కానీ వంగిన ఎముక వెనక్కు రాదు కదా. ఆమెకు రైక కుట్టగలిగింది చాచా ఒక్కడే. వీపు నాలుగు వేళ్లు పొడుగు, ముందు పొట్టి, కుడి భుజం ఎడమ దానికన్నా బాగా కిందికి, చేయి దూర్చుకోవడానికి చంకల దగ్గర వెడల్పు. ఎప్పుడో పాతికేళ్ల కింద ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ముట్టుకోకుండా, చూసి కోశాడట. అప్పటి నుంచి ఆదితోనే పని. ఆమె బస్సు ఎక్కలేదు గనుక ఆది రైక తెచ్చి ఇచ్చేదీ, కొత్తది తీసుకుపోయేదీ నేనే.

ఆ ఆదిని పెద్దమ్మ పేపర్లో చుట్టి, దారం కట్టి ఇస్తుంది. "ఎవ్వరికి సూపియ్యకు బిడ్డ, మీ అమ్మకు గూడ" అంటుంది ప్రతిసారీ. ఊరంతా చూస్తూనే ఉన్న ఒళ్లే కదా, రైకలో దాచేదేముందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కొంచెం పెద్దయ్యాక అర్థమైంది. కొంగు నిండుగా కప్పుకుంటే ఎంత వంగిందో ఎవరికీ లెక్క తెలియదు. రైక విప్పి పరిస్తే తెలిసిపోతుంది. మా ఇళ్లల్లో పెళ్లి ఫోటోలు ఎన్ని చూసినా ఆమె ఎవరో ఒకరి వెనకే ఉంటుంది. ఆ లెక్క తెలిసిన వాళ్లం ముగ్గురమే, ఆమె, చాచా, నేను. ముగ్గురిలో నన్ను నమ్మడం ఆమె పొరపాటు.

ఆ సారి నేను చేసింది చెప్తాను. ఒకటే సంచీ. అందులో నేతబట్ట, పట్నంలో నేర్చుకున్న పద్ధతిలో నేను గీసి కత్తిరించిన కాగితపు ముక్కలు, అడుగున పెద్దమ్మ ఆది, ఆమె కొత్త రైక గుడ్డ ఉన్న పొట్లం. షో వాళ్లు రమ్మన్నారు, బస్సుకు టైమైపోతోంది. సంచీ చాచా బల్ల మీద పడేసి, "చాచా, పన్నెండు అంగీలు. అన్ని గిండ్లనే ఉన్నయి" అని ఉరికాను. "ఫికర్ చెయ్యకు బిడ్డ, జర నిదానంగ పో" అన్నాడు. నాలుగు రోజులు పట్నంలోనే ఉండిపోయాను. ఫోన్ చేస్తే "అయితున్నయి" అన్నాడు. ఆయన ఎప్పుడైనా అంతే మాట్లాడతాడు.

తిరిగొచ్చి చూస్తే పన్నెండూ దండెం మీద వేలాడుతున్నాయి. అన్నిటికీ కుడి భుజం కిందికి జారి ఉంది. మొదట దండెం వంకరగా కట్టాడనుకున్నాను. స్టూలెక్కి దండెం సరిచేశాను కూడా. అయినా భుజాలు జారే ఉన్నాయి. వెనక పొడుగు, ముందు పొట్టి. స్టూలు దిగి చాచా వైపు తిరిగాను.

"చాచా, గిదేంది?"

"పెద్దమ్మ ఆది గద బిడ్డ. పొడుగు, లూజు నీ కాయితాల లెక్కనే తీసిన. కోత మాత్రం ఆదిది."

"పన్నెండిటికా?"

"నువ్వే గద పన్నెండన్నవ్." ఆయన గుండీ కుడుతున్నాడు, తలెత్తలేదు. "మర్రిగూడ దిక్కు గసొంటి ఆడోళ్లు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు కుట్టిస్తున్నవనుకున్న. ఇన్నేండ్లకు ఒక్కరికన్న తోచింది, పిల్ల మనసు మంచిది అనుకున్న."

కోపం వచ్చింది. చాలా వచ్చింది. కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. కాదు చాచా, ఇవి పట్నంలో లైట్ల కింద నడిచే పొడుగు పిల్లలకు అని చెప్పాలి. చెప్పడానికి సిగ్గేసింది. "గట్లనే అనుకున్న చాచా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆయన నవ్వి, పెద్దమ్మ ఆదినీ, ఆమె కొత్త రైకనూ పేపర్లో చుట్టి విడిగా ఇచ్చాడు. ఆ అబద్ధం మోసుకుంటూ పన్నెండు అంగీలూ ఇంటికి తెచ్చుకున్నాను.

బొమ్మకు తొడిగితే జారిపోతున్నాయి. బొమ్మ నిటారుగా ఉంటుంది, పాపం దాని తప్పేముంది. నేనే ఒకటి వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. బట్ట ఒంటి మీద సరిగ్గా కూర్చోవడం లేదు. కుడి భుజం కొంచెం దించాను. ఇంకొంచెం దించి, నడుము వంచాను. అప్పుడు చక్కగా కూర్చుంది. ఎంత చక్కగా అంటే, తప్పు బట్టలో ఉందో నాలో ఉందో అర్థం కాలేదు. అప్పుడే అమ్మ చాయ్ పట్టుకుని పైకొచ్చింది.

"ఏందే, మా అక్క లెక్క నిలబడ్డవ్?" అంది.

గబగబా విప్పేశాను. అమ్మ చాయ్ బల్ల మీద పెట్టి కిందికి పోయింది.

షోకు మూడు రోజులుంది. విప్పి మళ్లీ కుడదామంటే కోసిన బట్ట పెరగదు. మానుకుందామంటే, ఉద్యోగం వదిలి వచ్చిన ఏడాదంతా ఏం చేశావని అడిగితే చూపించడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు. చూపిస్తే, పెద్దమ్మ జీవితమంతా కొంగు కింద దాచుకున్నది నలుగురి ముందు పెట్టినట్టు. కనీసం ఆమెనే అడుగుదామని ఫోన్ చేశాను. ఎత్తగానే "నా రైక అయిందా బిడ్డ?" అంది. "అయింది పెద్దమ్మ, తెస్త" అన్నాను. "పైలం" అని జాగ్రత్త చెప్పి పెట్టేసింది. అడగాల్సింది అడగలేదు. అడగకపోవడమే నిర్ణయం అయిపోయింది. అంగీలన్నీ సూట్‌కేసులో సర్దుకుని పట్నం బస్సెక్కాను.

అక్కడ మోడల్ పిల్లలకు నడక నేర్పే ఆవిడ ఉంది. అంగీలు చూసి అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆవిడ చివరికి పిల్లలతో, "భుజం ఎటు పడితే మీరూ అటే పడండి. తొందర వద్దు, నెమ్మదిగా రండి" అంది. వాళ్లు తెలివైన పిల్లలు. రెండుసార్లు నడిచేసరికి పట్టేశారు. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు, కుడి భుజం దించి, నడుము కొంచెం వంచి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్లారు. నేను తెర పక్క నుంచి చూశాను. మా పెద్దమ్మ పన్నెండు సార్లు నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం నాకు నచ్చలేదు.

బయటికి వచ్చాక పేపరు విలేకరి ఒకామె పట్టుకుంది. "ఈ కట్ చాలా కొత్తగా ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది మీకు?"

"మా దిక్కు గుట్టల వాలు నుంచి" అన్నాను.

నా నోట్లోంచి అది ఎట్లా ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి. ఒక్క క్షణం తడుముకోలేదు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది, కింద గుట్టల వాలు అని కూడా వేశారు. మధ్యాహ్నానికి అది మా చుట్టాల ఫోన్లన్నీ తిరిగింది. అందరూ మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటే భయం. ఎవడో ఒకడు పోయి పెద్దమ్మకు చూపిస్తాడు. ఆమె ఆ భుజాన్ని గుర్తుపడుతుంది. ఎవరికీ చూపొద్దని నోరు తెరిచి అడిగిన మనిషికి, లోకమంతా చూసేశాక నేను ఏం చెప్పుకోవాలి? ఇంకొకరు చూపించేలోపు నేనే చెప్పాలని దొరికిన బస్సెక్కి బయల్దేరాను.

పెద్దమ్మ వాకిట్లో చాటలో కందులు పోసుకుని రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. పొట్లం ఇస్తే విప్పకుండానే తడిమి పక్కన పెట్టుకుంది. "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. తినలేదు.

బస్సులో మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను. తప్పు నాది, చాచాది కాదు. నీ పేరు ఎక్కడా చెప్పలేదు. నీదని ఎవరికీ తెలియదు. తీరా ఆమె ముందు కూర్చున్నాక, పిరికిదాన్ని, ఫోన్ తీసి ఫోటోలు ఆమె చేతిలో పెట్టాను. తిడితే తిట్టనీ అనుకున్నాను.

"నేను కుట్టిచ్చిన బట్టలు పెద్దమ్మ."

ఆమె ఫోన్‌ను కళ్ల దగ్గరికి పట్టుకుంది. నేను వేలితో ఒక్కొక్కటీ జరిపాను. మొదటి పిల్ల, రెండో పిల్ల, మూడో పిల్ల. పెద్దమ్మ ముఖం మెల్లగా మారిపోయింది. గుర్తుపట్టింది, అయిపోయింది అనుకున్నాను.

"ఏ ఊరి పిల్లలే వీళ్లు?"

"పట్నపోళ్లు."

"వాళ్ల దిక్కు గూడ గవే నీళ్లా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఒక పిల్ల జారిన భుజం మీద, ఫోన్ గాజు మీదే, వేలు పెట్టి నిమిరింది.

"నాకు ముప్పై దాటినంక వంగింది. వీళ్లు ఇంక పెండ్లి గూడ గాని పోరిలు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "దవాఖానల సూపిస్తున్నరా? నొప్పికి గోలీలన్న ఇస్తున్నరా?"

నేను భయపడింది దీనికి కాదు.

"లేదు పెద్దమ్మ" అన్నాను ఎట్లాగో. "వాళ్లకేం కాలేదు. మంచిగున్నరు. బట్టలే గట్ల కుట్టిచ్చిన."

"ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె ఊపిరి వదిలి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోన్ నాకు ఇచ్చేసి చాట దగ్గరికి లాక్కుంది. రెండు రాళ్లు ఏరి పారేసింది. మళ్లీ చెయ్యి ఆగింది.

"మంచిగున్న పిల్లలకు గట్లెందుకు కుట్టిచ్చినవే?" అంది.

కోపంతో అనలేదు. నిజంగా తెలియక అడిగింది.